కూడితే ఎనిమిది వచ్చే నంబర్

మా ముత్తాతగారికి కాకినాడ రేవులో సొంత సరుకు పడవలుండేవి. బియ్యం, పొగాకు ఆ పడవల మీదే రంగూను వెళ్ళేవి. తాతగారు తాలూకా బోర్డు అధ్యక్షులు. జిల్లా కలెక్టరు ఆ వైపు పర్యటనకు వస్తే బస మా మేడలోనే. తాతగారు గేటు దాకా ఎదురు వెళ్ళేవారు కాదు, వసారాలో నిలబడి ఆయన వచ్చేదాకా ఉండేవారు. నాన్నగారి నాటికి పడవలు పోయి ఒక రైసుమిల్లు మిగిలింది. నా నాటికి అదీ లేదు. ఇంటిపేరు ఒక్కటే నాకు దక్కింది. పెళ్ళయినా, దేశం మారినా దాన్ని మార్చుకోలేదు.

ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. మా ఇంట్లో తాము ఒప్పుకోని కాగితం మీద ఎవరూ సంతకం పెట్టలేదు. నాకూ ఆ అలవాటే వచ్చింది. నా ఉద్యోగంలో చివరికి సంతకమే ప్రధానమైంది కాబట్టి ముందుగా ఆ మాట చెప్పి మొదలుపెడుతున్నాను.

మేముండేది మిషిగన్‌లో, నోవైలో. మావారు కార్ల కంపెనీలో ఇంజినీరు. నేను మొదట ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో పేజీలు కూర్చే పని చేశాను. తరువాత ఒక తెలుగాయన పెట్టిన చిన్న కంపెనీలో చేరి, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. మేము తయారుచేసిన వాటిలో ముఖ్యమైనవి బొమ్మల కార్డులు. మాట రాని పిల్లలు వాటితో మాట్లాడతారు. దాహం వేస్తే నీళ్ళ గ్లాసున్న కార్డు తీసి టీచరు చేతిలో పెడతారు. బయటికి వెళ్ళాలంటే తలుపున్న కార్డు ఇస్తారు. పిల్లవాడికి ఆ కార్డుల పెట్టే నోరు.

నా పని ఆఖరి తనిఖీ. ప్రతి కొత్త కార్డునూ చూసి, అది పిల్లవాడికి ఒకే ఒక్క సంగతి చెబుతోందని నమ్మకం కలిగితే సంతకం పెట్టాలి. నా సంతకం లేని కార్డు అచ్చుకు వెళ్ళదు.

ఏఐతో బొమ్మలు వేయించడం మొదలైన కొత్తలో ఎలా పనిచేసేవాళ్ళని ఈ రంగంలోకి కొత్తగా వచ్చిన మీలాంటివాళ్ళు అడుగుతుంటారు. మిగతా సంగతులు మీకు ఎక్కడైనా దొరుకుతాయి. ఈ ఒక్కటి దొరకదు.

మా పాత కార్డులన్నీ ఒక అమెరికన్ చిత్రకారిణి చేత్తో గీసినవి. ఆవిడ రిటైరవుతూ తన బొమ్మల హక్కులు వెనక్కి తీసుకుంది. ఉన్న స్టాకు అమ్ముకోవచ్చు, మళ్ళీ అచ్చు వేయకూడదు, ఆ బొమ్మలను ఏఐకి నమూనాగా చూపించకూడదు అని షరతులు పెట్టింది. ఆవిడ హక్కు ఆవిడది. స్టాకు అయిపోయింది. అప్పుడే మా ఊరి స్కూల్లో ఒక పిల్లవాడి తల్లి ఆఫీసుకు ఫోన్ చేసింది.

"ఆంటీ, మావాడి కార్డులు మొత్తం చిరిగిపోయాయి. టేప్ వేసి వేసి ఇక వెయ్యడానికి చోటు లేదు. ఇంకో సెట్ ఎక్కడైనా ఉంటుందా?"

లేదని చెప్పాను. కొత్త బొమ్మలతో సెట్ తయారవుతోందని కూడా చెప్పాను.

"కొత్తవంటే వాడు మళ్ళీ మొదటినుంచీ నేర్చుకోవాలి ఆంటీ. పాతవి నేర్చుకోవడానికే రెండేళ్ళు పట్టింది. ఒకసారి మారిస్తే మళ్ళీ మార్చలేం. కాస్త చూసి చెయ్యండి."

ఆ అబ్బాయికి ఏడేళ్ళు. తెలుగు రాదు, ఇంగ్లీషూ రాదు, ఆ కార్డులే వచ్చు. స్కూల్లో వాడికి నేర్పే స్పీచ్ థెరపిస్టు కూడా అదే చెప్పింది. మేము ఏ సెట్ ఇస్తే వాడు ఇకముందు దానితోనే మాట్లాడతాడు. ఆ సెట్ వాడికి పనికొస్తే ఇలాంటి పిల్లలకు నడిపే మిగతా స్పెషల్ క్లాసులన్నిటికీ అదే తీసుకుంటామని స్కూలువాళ్ళు మాట ఇచ్చారు.

బొమ్మలు చేయించే పని మా డిజైనర్‌ది. వరంగల్ అమ్మాయి, చెయ్యి చాలా చురుకు. ఏం కావాలో మాటల్లో రాస్తే ఏఐ బొమ్మ వేసి ఇస్తుంది. అక్కడిదాకా సులువే. చిక్కేమిటంటే, పది బొమ్మలు అడిగితే పదీ పదిమంది గీసినట్టు వచ్చేవి. ఒకటి నీటిరంగులు, ఒకటి కార్టూను, ఒకటి ఫోటోలా. కార్డులు తిరగేసే పిల్లవాడికి అది పదిమంది ఒకేసారి మాట్లాడినట్టే ఉంటుంది. దానికి విరుగుడు స్టైల్ కోడ్. అదొక పొడుగాటి నంబర్. మనం రాసిన వివరణ చివర ఆ నంబర్ తగిలిస్తే, గ్లాసు అడిగినా కుక్క అడిగినా ఒకే చెయ్యి గీసినట్టు వస్తాయి. నంబర్ మారిస్తే చెయ్యి మారుతుంది. అలాంటి నంబర్లు లెక్కలేనన్ని. మనకు కావలసిన చెయ్యి దొరికేదాకా వెతుక్కోవాలి.

మేమిద్దరం వారాల తరబడి వెతికాం. చివరికి ఒకటి దొరికింది. లావు గీత, మూడు నాలుగు చదును రంగులు, వెనకాల తెల్లగా ఏమీ లేకుండా. చూడటానికి మోటుగా ఉంది. కానీ ఏడుపు ఏడుపులా ఉంది, నిద్ర నిద్రలా ఉంది.

"ఇదే మేడమ్," అంది డిజైనర్. "అందంగ లేదు గానీ అబద్ధం చెప్తలేదు."

ఆ అమ్మాయి నన్ను మొదటిరోజు ఆంటీ అంది. ఆఫీసులో మేడమ్ అనమన్నాను. అప్పటినుంచి ఒక్కసారి కూడా తప్పలేదు. అందుకే ఆమె మీద నాకు గురి కుదిరింది.

కంపెనీ పెట్టిన ప్రొప్రయిటర్‌గారికి చూపించాం. ఆయనది గుంటూరు వైపు. మంచి మనిషి. జీతాలు ఏనాడూ ఆలస్యం చేయలేదు. బొమ్మలు చూసి తల ఊపారు. తరువాత స్క్రీను కింద ఉన్న కోడ్ మీద ఆయన చూపు పడింది. 4172831.

వేళ్ళు ముడవడం మొదలుపెట్టారు. "నాలుగూ ఒకటీ అయిదు, ఏడు పన్నెండు, రెండు పద్నాలుగు, ఎనిమిది ఇరవై రెండు... ఇరవై ఆరు. రెండూ ఆరూ ఎనిమిది. అబ్బే, వద్దండీ."

"ఏమిటి వద్దు?" అన్నాను.

"ఎనిమిదండీ మేడమ్‌గారూ! శని. నా కారు నంబరు తొమ్మిది, ఇల్లు తొమ్మిది, ఫోన్ తొమ్మిది. ప్రతి కార్డు వెనకాలా ఎనిమిదిని పెట్టుకుని కూర్చోమంటారా?"

"కోడ్ కార్డు మీద అచ్చవదు కదండీ."

"అచ్చవకపోతే మాత్రం ఉండకుండా పోతుందా? నంబర్లు లక్షలున్నాయన్నారుగా. తొమ్మిది వచ్చేది ఒకటి వెతకండి. ఎంతసేపు పని?"

కంప్యూటర్ రంగంలో పనిచేసే మనవాళ్ళు కారు నంబరు కూడటం, పేరులో ఒక అక్షరం ఎక్కువ రాసుకోవడం మీరూ చూసే ఉంటారు. నేను నవ్వలేకపోయాను. నాన్నగారి మిల్లుకు దక్షిణం వైపు ఒక పెద్ద గేటుండేది. అది అరిష్టమని ఎవరో చెబితే నాన్నగారు ఇటుకలతో మూయించేశారు. రోడ్డు ఉన్నది ఆ వైపే. ధాన్యం లారీలు చుట్టూ తిరిగి సందులోంచి వెనక్కి వెనక్కి రావలసి వచ్చేది. కొంతకాలానికి రావడం మానేశాయి. ఆ గోడ వల్లే మిల్లు పోయిందని నేను అనను. గోడ కట్టాక మాత్రం ఎంతోకాలం నడవలేదు.

ఈ సంగతి ప్రొప్రయిటర్‌గారికి చెప్పలేదు. మా ఇంటి సంగతులు ఆఫీసులో చెప్పే అలవాటు నాకు లేదు.

తొమ్మిది వచ్చే కోడ్ దొరకడం కష్టం కాలేదు. బొమ్మలు చాలా అందంగా వచ్చాయి. ప్రతిదాని మీదా సాయంకాలపు ఎండ పడినట్టు బంగారు వెలుగు, బూరెబుగ్గలు, మెత్తటి నీడలు. ప్రొప్రయిటర్‌గారు మురిసిపోయారు.

"చూశారా! తొమ్మిదంటే ఇదీ."

నేను మూడు కార్డులు తీసి ఆయన ముందు పెట్టాను. ఒకటి ఆకలి. ఒకటి కడుపు నిండింది. ఒకటి కడుపు నొప్పి. మూడింటిలోనూ ఒక పాప పొట్ట మీద చెయ్యి వేసుకుని బంగారు వెలుగులో చిరునవ్వు నవ్వుతోంది.

"ఇందులో నొప్పి ఏదో చెప్పండి," అన్నాను.

ఆయన కాసేపు చూశారు. "మాటలు మార్చండమ్మా. ఏడుస్తోంది అని రాయండి. నంబర్ మాత్రం మార్చొద్దు."

డిజైనర్ రాసింది. ఏడుస్తోంది, గట్టిగా ఏడుస్తోంది, నొప్పితో మెలికలు తిరుగుతోంది అని రకరకాలుగా రాసింది. పాప కంట్లో ఒక ముత్యం లాంటి చుక్క వచ్చింది. చిరునవ్వు పోలేదు. అప్పటిదాకా మేము స్టైల్ అంటే గీతా రంగూ అనుకున్నాం. కాదు. మనిషికి స్వభావం ఉన్నట్టు ఆ కోడ్‌కూ ఒకటి ఉంది. దానికి బాధ అంటే తెలియదు. ఏం చెప్పినా దాన్ని హాయిగా మార్చేస్తుంది. ఈ సంగతి మాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

డిజైనర్ ఇంకో ఉపాయం చెప్పింది. "రెండు కోడ్లు కలిపి పెట్టొచ్చు మేడమ్. మన ఎనిమిది కోడ్‌కి, కూడితే ఒకటొచ్చేది ఇంకోటి కలిపితే టోటల్ తొమ్మిదైతది. సార్‌కి తొమ్మిది, మనకు బొమ్మలు."

తెలివైన ఆలోచనే. చేసి చూశాం. రెండు చేతులు కలిసి ఒక బొమ్మ గీస్తే ఎలా ఉంటుందో అలా వచ్చింది. నొప్పి కార్డులో పాప సగం నవ్వుతూ సగం మూతి విరిచి, పెళ్ళి భోజనం అరగక పెళ్ళివాళ్ళ ముందు దాచుకుంటున్నట్టుంది. ఇద్దరం నవ్వుకున్నాం. తరువాత దాన్ని చెరిపేయమన్నాను.

"మరి ఏం చేద్దాం మేడమ్? మీరైతే సార్‌కి ఎదురు చెప్తరు. నా హెచ్-వన్ వీసా ఆయన చేతుల ఉన్నది."

"నువ్వేం చెప్పకు. నేను సంతకం పెట్టను, అంతే."

అదే మాట ప్రొప్రయిటర్‌గారికీ చెప్పాను. ఆయనకు మొదటిసారి కోపం వచ్చింది.

"మీ తాతగారు కలెక్టరుకే ఎదురెళ్ళలేదట కదా. మీరు నాకెందుకు వెళతారులెండి. సంతకం మీదే కావచ్చు మేడమ్‌గారూ, కంపెనీ నాది."

తాతగారి సంగతి ఆయనకు మావారు చెప్పి ఉంటారు. స్కూల్లో పరీక్షకు పంపే సెట్‌కు సంతకం అక్కర్లేదని, దాన్ని ముందే థెరపిస్టుకు పంపి, పరీక్ష రోజు తానే వెళ్ళి చూస్తానని ఆయన అన్నారు. నేనూ వస్తానన్నాను. వద్దనలేకపోయారు. ఆ రోజు బయలుదేరేముందు డిజైనర్ నా చేతిలో ఒక కవరు పెట్టింది. ఎనిమిది కోడ్‌తో చేసిన కార్డులు కొన్ని, ఆఫీసు ప్రింటర్‌లో తీసి కత్తిరించినవి.

"నేనివ్వలే మేడమ్. మీ టేబుల్ మీద దొరికినయి."

తరగతి గదిలో చిన్న గుండ్రటి టేబుల్. ఒక వైపు థెరపిస్టు, ఒక వైపు అబ్బాయి, వాడి వెనకాల కుర్చీలో తల్లి. మేమిద్దరం గోడ పక్కన నిలబడ్డాం. అంతకుముందు కొన్ని రోజులుగా థెరపిస్టు తొమ్మిది కోడ్‌తో చేసిన ఆ సెట్‌ను వాడికి అలవాటు చేస్తూ వచ్చింది. నీళ్ళు, బంతి, బస్సు బాగానే పట్టుకున్నాడట.

ఆ రోజు వాడు పొద్దుటినుంచీ చిరాగ్గా ఉన్నాడని తల్లి చెప్పింది. థెరపిస్టు కార్డులు పరిచి, ఏం కావాలని చేత్తో అడిగింది. వాడు బంగారు బొమ్మల మీద వేళ్ళు పోనిచ్చాడు. ఒకటి తీశాడు, పెట్టేశాడు. ఇంకొకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆకలి. ఆమె బిస్కట్లు తెచ్చింది. వాడు తోసేశాడు. మళ్ళీ కార్డుల మీద వంగి ఇంకొకటి ఇచ్చాడు. కడుపు నిండింది. ఆమె మెచ్చుకుని బిస్కట్లు తీసేసింది. చెప్పింది అర్థమైందనుకుంది. వాడు ఒక్క క్షణం ఆమె ముఖం చూసి, టేబుల్ మీదున్న కార్డులన్నీ రెండు చేతులతో కిందికి ఊడ్చేసి, తన మణికట్టు తానే కొరుక్కోవడం మొదలుపెట్టాడు.

తల్లి వాడి చెయ్యి పట్టుకుంది. మమ్మల్ని చూసి తెలుగులో అంది. "వాడికెక్కడో నొప్పిగా ఉందండీ. పాత కార్డులైతే నొప్పిది ఎప్పుడో తీసి ఇచ్చేవాడు. ఇందులో అది ఎక్కడుందో వాడికి తెలియట్లేదు. నాకూ తెలియట్లేదు."

ప్రొప్రయిటర్‌గారు గోడకు ఇంకొంచెం ఆనుకున్నారు. నేను కవరు విప్పాను. థెరపిస్టును అడిగి, మా మోటు కార్డులు టేబుల్ మీద పెట్టాను. వాటిలో నొప్పి కార్డు ఒకటి. ఒక పిల్లవాడు, నోరు తెరిచి, కళ్ళు మూసుకుని, పొట్ట పట్టుకుని ఉన్నాడు. వెలుగు లేదు, నీడ లేదు.

అబ్బాయి ఆ బొమ్మలను అంతకుముందు చూడలేదు. అందుకే నేను పెద్దగా ఏమీ ఆశించలేదు. వాడు కొరకడం ఆపి చాలాసేపు వాటినే చూశాడు. తరువాత నొప్పి కార్డు తీశాడు. ఎవరి చేతిలోనూ పెట్టలేదు. దాన్ని తన ఎడమ చెవికి ఆనించుకుని గట్టిగా నొక్కి పట్టుకున్నాడు.

మేమంతా పొట్ట గురించే ఆలోచిస్తున్నాం. వాడు పొట్టను పట్టించుకోలేదు. ఆ ముఖం మాత్రం తీసుకుని, తనకు కావలసిన చోట పెట్టుకున్నాడు.

తల్లి అప్పటికప్పుడు వాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. చెవిలో ఇన్ఫెక్షన్ బాగా ముదిరిందని, ఇంకా ఆలస్యమైతే కర్ణభేరి పగిలేదని చెప్పారట.

ప్రొప్రయిటర్‌గారి కార్లో తిరిగి బయలుదేరాం. రోడ్డుకు రెండు పక్కలా కరుగుతున్న మంచు మట్టి రంగులో ఉంది. సిగ్నల్ దగ్గర ఆగాక ఆయన అన్నారు.

"నా మొదటి కంపెనీ ఆఫీసు నంబరు కూడితే ఎనిమిది. మునిగింది. మొదటి కారు నంబరు కూడితే ఎనిమిది. ఇదిగో, ఈ రోడ్డు మీదే మంచులో జారి బోల్తా కొట్టింది. మా ఆవిడ ఇప్పటికీ కుంటుతుంది. మీకు నవ్వులాటగా ఉంటుంది గానీ, నాకు కాదండీ."

"నేను నవ్వలేదు," అన్నాను.

"అవును. మీరు నవ్వలేదు. నేను లెక్కపెడుతుంటే మన డిజైనర్ అమ్మాయి నవ్వింది."

నాకూ నవ్వొచ్చింది, ఆయనకూ వచ్చింది. ఆ రోజు మేమిద్దరం కలిసి నవ్వింది ఆ ఒక్కసారే.

"ఆ పిల్లవాడికి మీ కార్డులే ఇవ్వండి," అన్నారు కాసేపటికి. "స్కూలు మొత్తానికీ అవే వెయ్యండి. నేను అడ్డు రాను. కానీ ఆ నంబర్‌ను నా దగ్గర ఉంచుకోలేను మేడమ్‌గారూ. పొద్దున్నే ఆఫీసు తలుపు తీస్తుంటే నా చెయ్యి వణుకుతుంది. నాకు తెలుసు."

"ఉంచుకోకపోతే ఏం చేస్తారు?"

"ఇంకా ఆలోచించలేదు."

ఇంతకాలమూ ఆయనది మూఢనమ్మకమని, నాది నిక్కచ్చితనమని అనుకున్నాను. అది ఇప్పటికీ మార్చుకోలేదు. కానీ నాన్నగారు ఆ గేటు మూయించిన రోజు ఆయన చెయ్యి కూడా వణికిందా అని ఆ సిగ్నల్ దగ్గరే మొదటిసారి తోచింది. అంతకుముందు నేను ఆయన్ని ఆ మాట అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేరు.

సెట్ మొత్తం ఎనిమిది కోడ్‌తోనే చేశాం. ఒక్కొక్క కార్డూ చూసి సంతకం పెట్టాను. "నిద్ర" బొమ్మ రెండుసార్లు తిప్పి పంపాను, పిల్లవాడు నిద్రపోతున్నట్టు కాక స్పృహ తప్పినట్టు ఉన్నాడని. డిజైనర్ విసుక్కుంది. "మేడమ్, మీరు నిద్రల గూడ కరెక్ట్‌గ పడుకుంటరా?" అంది. పడుకుంటానన్నాను. నొప్పి కార్డులో పొట్ట మీద చెయ్యి తీయించేశాం. ఉట్టి ముఖం ఒక్కటే ఉంచాం. ఎక్కడ నొప్పో పిల్లవాడే చూపించుకుంటాడు. ఆ మార్పు మాకు ఆ అబ్బాయి నేర్పిందే. పాతకాలపు కార్డుల్లో కూడా అది లేదు.

మీలో ఎవరైనా ఇలాంటి పనిలో ఉంటే నేను చెప్పగలిగింది కొంచెమే. ఒకే కోడ్ పట్టుకుంటే బొమ్మలన్నీ ఒకే ఇంటి పిల్లల్లా వస్తాయి. అది మంచిదే. కానీ ముందు ఆ కోడ్‌తో బాధను గీయించి చూడండి. సంతోషం ఏ కోడ్ అయినా గీస్తుంది.

అబ్బాయి తల్లి వేసవికి ముందు ఆఫీసుకు వచ్చింది. వాణ్ణీ తీసుకొచ్చింది. వాడు నా టేబుల్ మీద పెట్టె పెట్టుకుని, అందులోంచి వెతికి, తలుపున్న కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. వెళ్ళిపోదామని.

"సారీ ఆంటీ, వాడికి ఎవరింటికి వెళ్ళినా ఇదే," అంది తల్లి.

"పరవాలేదమ్మా. స్పష్టంగా చెప్పాడు," అన్నాను.

ఆ వేసవిలోనే ప్రొప్రయిటర్‌గారు కార్డుల విభాగాన్ని ఒహాయోలోని ఒక సంస్థకు అమ్మేశారు. స్కూళ్ళ ఆర్డర్లు అప్పుడప్పుడే పెరుగుతున్నాయి, మిగతా వ్యాపారాలకన్నా అదే బాగా నడుస్తోంది. లాభసాటి పనిని ఎందుకు వదులుకుంటున్నారని అందరూ అడిగారు. ఆయన ఎవరికీ చెప్పలేదు. నన్ను ఎవరూ అడగలేదు, అడిగినా చెప్పేదాన్ని కాదు. డిజైనర్ వీసా కొత్త యజమానుల పేరు మీదికి మారింది, ఆమె అక్కడికి వెళ్ళింది. నేను రిటైరయ్యాను. బొమ్మలు, ఎనిమిది వచ్చే ఆ కోడ్, కార్డులు కత్తిరించే మెషీను, లామినేషన్ మెషీను అన్నీ కలిపి ఒహాయో వెళ్ళిపోయాయి.